ఎలుగుబంటి సీటు

జూన్ 3

అల్లుడుగారికి,

మీ ఉత్తరం అందింది. డిపోలో ఏడాది సెలవు పెట్టి, మీ బస్సు మరొకరికి అప్పగించి, ఇంట్లో ఉండి పిల్లను మీరే చూసుకుంటున్నారని చదివాను. రెండుసార్లు చదివాను. అమ్మాయి రోడ్ల సర్వే అంటూ సోమవారం వెళ్లి శుక్రవారం సాయంత్రానికి గాని రాదు కాబట్టి ఇంట్లో ఎవరో ఒకరు ఉండవలసిందే. ఆ ఒకరు మీరవుతారని నేననుకోలేదు. తప్పని అనడం లేదు. అలవాటు లేని పని అంటున్నాను.

పిల్లను నా దగ్గర వదలమని మొదటే చెప్పాను. మీరిద్దరూ వద్దన్నారు. సరే. అయితే ఒక ఏర్పాటు చేసుకుందాం. పదిహేను రోజులకోసారి నాకు లెక్క పంపండి. డబ్బు లెక్క కాదు, పిల్ల లెక్క. ఏం తింటోంది, ఎలా నిద్రపోతోంది, ఏ మాటలు వచ్చాయి. జీవితమంతా బళ్లో లెక్కలు చెప్పి, చివర్లో హెడ్మాస్టరు గదిలో కూర్చున్న మనిషిని. కాగితం మీద లేనిది జరిగిందని నమ్మే అలవాటు నాకు లేదు. ఈ ఏడాది ముగిసేలోగా లెక్క కుదరకపోతే నేనే వచ్చి మనవరాలిని తెచ్చుకుంటాను.

ఫోన్ చేయకండి. మా మేడమీద సిగ్నలు సరిగా ఉండదు. సగం మాటలు గాలిలో కలిసిపోతాయి.

ఇంకొకటి. పిల్ల అడగకముందే ఏదీ చేతికి అందించకండి. రెండేళ్లు దాటిన పిల్లకు నోరు పెగలాలంటే అవసరం పడాలి. నోటితో అడిగించి ఇవ్వండి.

కోపంగా రాశానని అనుకోకండి. నా చేతిరాతే అంత.

మీ అత్తగారు

జూన్ 14

అత్తయ్యగారికి,

ఈ ఉత్తరం ఎడమచేత్తో రాస్తున్నాను. కుడిచెయ్యి మీ మనవరాలు పట్టుకుని నిద్రపోయింది. లాక్కుంటే లేస్తుంది. కాబట్టి అక్షరాలు ఎటు వంగినా కాస్త సర్దుకోండి.

మీరడిగిన లెక్క. పిచ్చుక అరటిపండు తింటుంది. (మేం దాన్ని పిచ్చుక అంటున్నాం.) అయితే పండు నిండుగా ఉండాలి. నిన్న తొక్క తీస్తుంటే మధ్యకి విరిగింది. ఇక చూడాలి ఆ ఏడుపు. కొత్త పండు ఇస్తే వద్దు, విరిగిన దాన్నే అతికించాలి. పదేళ్లు బస్సు నడిపాను, టైరు పంచరయితే అతుకు వేశాను గాని, అరటిపండు అతికించడం డిపోలో ఎవరూ నేర్పలేదు. చివరికి రెండు ముక్కలూ దగ్గరగా పట్టుకుని దాని నోటికి అందిస్తే, నన్ను మన్నించినట్టు చూసి తింది. స్నానానికి ఏడుస్తూ వెళ్తుంది, బయటికి రమ్మంటే ఇంకా ఏడుస్తుంది. చొక్కా ఒకటే కావాలి, అది తడిసి తీగ మీద ఉన్నా సరే.

సాయంత్రం బస్సు ఆట. నడవాలో రెండు కుర్చీలు, ఒక స్టూలు, బోర్లించిన బకెట్టు వరసగా వేస్తాను. బకెట్టు మీద నేను డ్రైవర్ని. అది కండక్టరు, సైకిల్ గంట పట్టుకుని తిరుగుతుంది. చివరి కుర్చీ ఒంటికన్ను ఎలుగుబంటి బొమ్మది. అందులో ఇంకెవరూ కూర్చోకూడదు. మొన్న పక్కింటి టైలరు తెలియక కూర్చుంటే చొక్కా పట్టుకుని కిందికి లాగింది. "ఆఖరి స్టాపు, దిగండి దిగండి" అని నేను అరుస్తాను, అది ఎలుగుబంటిని దింపుతుంది. మళ్లీ ఎక్కిస్తుంది. మళ్లీ అరుస్తాను. ఇలా గొంతు పోయేదాకా.

మాటలా? అడక్కండి. నాన్నా, పాలు, ఇవ్వు, వద్దు, పొద్దున లేచింది మొదలు వాగుడే. "మీ పాపకి బ్రేకులు లేవా" అని టైలరు అడుగుతున్నాడు.

చెయ్యి తిమ్మిరెక్కింది. ఉంటాను.

మీ అల్లుడు

జూన్ 25

అల్లుడుగారికి,

అరటిపండు సంగతి చదివి నవ్వాను. మీ భార్య ఈ వయసులో గుడ్డు పగలకుండా తినాలని పట్టుబట్టేది. ఎలా తింటుందో మీరే ఊహించుకోండి.

పిల్లను పక్షి పేరుతో పిలవడం నాకు నచ్చలేదు. పెట్టిన పేరు ఉంది కదా.

మాటల భాగం మరోసారి చూశాను. నాన్నా, పాలు, ఇవ్వు, వద్దు. ఒక్కటీ వంకరగా పలకలేదా? ఒక అక్షరం మింగలేదా? మా బళ్లో ఒక్క తప్పూ లేని జవాబుపత్రం చూస్తే నాకు ముందు పక్క బెంచీ పిల్లవాడు గుర్తొచ్చేవాడు. పిల్లలు తప్పులతోనే మాట్లాడతారు. ఈసారి ఆ తప్పులు రాయండి. అవి ఉంటేనే లెక్క నిజమని నమ్ముతాను.

మోకాలు నొప్పి తగ్గింది. కింది వాటా వాళ్లు ఇల్లు మారారు. కొత్తగా వచ్చినవాళ్లు మర్యాదస్తులే గాని గొణుగుతారు.

మీ అత్తగారు

జులై 8

అల్లుడుగారికి,

మొన్న ఆదివారం నేను వద్దన్నా అమ్మాయి ఫోన్ చేసి, పిల్లకు ఇచ్చింది. విన్నాను. "అమ్మమ్మా" అని చక్కగా, స్పష్టంగా పిలిచింది. కిందటి ఉత్తరంలో నేను అనుమానపడటం పొరపాటు. మీ చేతిలో పిల్లకు మాటలు బాగా వస్తున్నాయి. ఇలాగే కానివ్వండి.

ఎండ ఎక్కువగా ఉంది. పిల్లకు నూలు బట్టలే వేయండి.

మీ అత్తగారు

జులై 15

అత్తయ్యగారూ,

మీ ఉత్తరం బల్లమీద పెట్టి మూడు రోజులు దాని చుట్టూ తిరిగాను. ఇంత నెమ్మదిగా కొట్టే దెబ్బ నేనెప్పుడూ తినలేదు.

ఆదివారం ఏం జరిగిందో నేను పక్కనే ఉండి చూశాను. మీ అమ్మాయి ఫోను పిచ్చుక మొహం దగ్గర పెట్టింది. అది ఫోన్ని నాకింది. తర్వాత కొరికింది. తర్వాత దాంతో కుర్చీని కొట్టింది. నోట్లోంచి చిన్న చప్పుడు కూడా రాలేదు. మీరేమో "స్పష్టంగా పిలిచింది" అని రాశారు. నన్ను అబద్ధాలకోరు అని ఒక్క మాట అని ఉంటే సరిపోయేది. మెచ్చుకుంటూ వాత పెట్టక్కర్లేదు.

నిజమే, అబద్ధం రాశాను. మీరు వచ్చి తీసుకెళ్లిపోతారని భయం. మీకు ఇలా రాశానని మీ అమ్మాయికి కూడా తెలియదు. ఫోన్ పెట్టేసి, "అమ్మ ఎందుకో తెగ సంతోషపడింది" అంది పాపం.

ఇదిగో అసలు లెక్క. పిచ్చుకకి మాట రాదు. ఒక్కటీ రాదు. నాన్నా అని కూడా అనదు. మీరు చెప్పినట్టు అడిగించి ఇద్దామని చూశాను. పాలగ్లాసు పైకెత్తి "పాలు అను, ఇస్తాను" అన్నాను. అది నా నోటివంక చూసింది. పెదవులు నాలాగే కదిపింది, చప్పుడు లేకుండా. గ్లాసువంక చూసింది. మళ్లీ నా నోటివంక. నేను పట్టుబట్టాను. కాసేపటికి ఏడుపు కూడా మానేసి, గోడవైపు తిరిగి కూర్చుంది, ఆకలితో. ఆ రోజునుంచి మీ సలహా పాటించడం మానేశాను. ఇది కూడా రాసుకోండి.

పిలిస్తే పలకదు. టైలరు మొండిఘటం అంటాడు. మీ అమ్మాయి అచ్చం నా పోలిక అంటుంది. వాషింగ్ మెషిన్ తిరుగుతుంటే మాత్రం దానికి చెంప ఆనించి, ఆగేదాకా కదలదు. డిపో స్నేహితుడొకడు వచ్చి వెనకనుంచి చప్పట్లు కొడితే చూడలేదు. వాడే విసుగొచ్చి నేలమీద కాలు తాటిస్తే చటుక్కున తిరిగింది. చెవులేమోనని ముందే అనుకున్నాం. పుట్టినప్పుడు ఆసుపత్రిలో పరీక్షించారు. బాగున్నాయని రాసిచ్చిన కాగితం బీరువాలో ఉంది. కాబట్టి అది కాదు. మరి ఏమిటో నాకు తెలియదు. బహుశా నేనే సరిగా పెంచలేకపోతున్నానేమో.

తీసుకెళ్లాలనుకుంటే రండి. గుమ్మానికి అడ్డంగా నేనుంటానని మాత్రం చెప్పి ఉంచుతున్నాను.

మీ అల్లుడు

జులై 19

అల్లుడుగారికి,

నేను రాసింది వెటకారం కాదు. నాకు వినపడలేదు.

ఈ రెండో మాట రాయడానికి నాకు పొద్దున్నించి మధ్యాహ్నం అయింది. కుడిచెవి మందగించి రెండేళ్లు. ఎడమచెవి నిరుటినుంచి దాని దారే పట్టింది. మా మేడమీద సిగ్నలు దివ్యంగా ఉంది. కింది వాటా వాళ్లు గొణగరు, మామూలుగానే మాట్లాడతారు. ఆదివారం ఫోన్లో ఏదో గరగర వినపడింది. ఇంత పిల్ల ఫోన్లో ఇంకేమంటుంది, అమ్మమ్మా అనే అని ఉంటుందని నేనే లెక్క కట్టుకుని మీకు రాశాను. జవాబు ముందు వేసుకుని లెక్క తర్వాత చేసే పిల్లలకు నేను సున్నా ఇచ్చేదాన్ని.

నా సంగతి వదలండి. మీ ఉత్తరంలో మిగతాది జాగ్రత్తగా చదివాను. ఎదుటి మనిషి నోటివంక చూడటం. వెనకనుంచి పిలిస్తే పలకకపోవడం. నేల అదిరితే తిరగడం. ఇవి మొండితనం గుర్తులు కావు. ఇవన్నీ నేను చేసే పనులు. పాలమనిషి నోటికి గుడ్డ కట్టుకుని మాట్లాడితే నాకు కోపం వస్తుంది, ఎందుకో అతనికి తెలియదు. ఎవరైనా వస్తారంటే తలుపుకు చెయ్యి ఆనించి నిలబడతాను, తట్టింది చేతికి తెలియాలని. పిల్ల వాషింగ్ మెషిన్‌కు చెంప ఎందుకు ఆనిస్తుందో మీకెవరికీ అర్థం కాదు. నాకు అయింది.

బీరువాలో ఉన్న కాగితం పుట్టిననాటి చెవుల సంగతి చెబుతుంది. ఇవాళ్టి చెవుల సంగతి చెప్పదు. జలుబు తరచుగా చేస్తోందా? నోరు తెరుచుకుని నిద్రపోతోందా? ఈ వారమే చెవుల డాక్టరుకు చూపించండి. అమ్మాయి వచ్చేదాకా ఆగకండి.

మీ పెంపకంలో లోపం లేదు. పాలగ్లాసు సలహా ఇచ్చింది నేను, పిల్ల ఆకలితో గోడవైపు తిరిగింది నావల్ల. దాన్ని మీ ఖాతాలో వేసుకోకండి.

అత్తగారు

జులై 30

అత్తయ్యగారికి,

మీ ఉత్తరం రాగానే పిచ్చుక వెనక నిలబడి స్టీలు పళ్లెం గిన్నెతో మోగించాను, దూరంగా. టైలరు పరిగెత్తుకొచ్చాడు. పిచ్చుక రాలేదు.

డాక్టరు చిన్న వయసావిడ. మమ్మల్ని అద్దాల గదిలో కూర్చోబెట్టి, పిల్ల చెవులకి పెద్ద పెద్ద డిప్పలు తగిలించింది. అది వాటిని ఎలుగుబంటికి పెట్టమని గొడవ. ముందు ఎలుగుబంటికి పరీక్ష చేసి, తర్వాత దీనికి చేశారు. కర్ణభేరి వెనక రెండువైపులా జిగురులాంటి నీరు చేరిందట. వరస జలుబుల వల్ల. పుట్టినప్పుడు లేదు, తర్వాత వచ్చింది. "నీళ్లలో మునిగి ఉన్నప్పుడు బయట ఎవరో మాట్లాడితే ఎలా ఉంటుంది? పాపకి ఎప్పుడూ అలాగే ఉంటుంది" అంది డాక్టరు. ఇన్నాళ్లూ నేను గట్టుమీద నిలబడి, నీళ్లలో ఉన్న పిల్లని పలకవేమని కసురుకున్నానన్న మాట.

కొన్నాళ్లు చూద్దాం, తగ్గకపోతే చిన్న ఆపరేషను చేసి, సన్నటి గొట్టాలు పెడతామంది. మాటలు వస్తాయా అని అడిగాను. "వస్తాయి, కాకపోతే తొందరపెట్టకండి. ఆ పిల్ల ఇప్పటిదాకా వినలేదు కదా, ముందు విననివ్వండి" అంది. ఆ రోజు సెలవు పెట్టి వచ్చిన మీ అమ్మాయి ఆసుపత్రి మెట్లమీదే కూర్చుని ఏడ్చింది. ఆవిడ ఏడవడం మా పెళ్లయ్యాక ఇది రెండోసారి. మొదటిది నా వంట తిని.

ఇక మీ సంగతి. వదలమన్నారు, వదలను. మీరూ వెళ్లి చెవులు చూపించుకోవాలి. యంత్రం ఇస్తే పెట్టుకోవాలి. మీరు ఎప్పుడో గాని ఫోన్ ఎత్తడం లేదని, తనమీద అలిగారని మీ అమ్మాయి నెలల తరబడి కుమిలిపోతోంది. మీ చెవుల సంగతి నేను చెప్పలేదు. అది మీరే చెప్పాలి.

మీ అల్లుడు

ఆగస్టు 9

అల్లుడుగారికి,

డాక్టరు చెప్పినట్టు నడుచుకోండి. మందు వేళ తప్పనివ్వకండి.

అమ్మాయికి విడిగా ఉత్తరం రాశాను. అలిగాననుకుందా? నేను అలిగితే తెలిసేలా అలుగుతాను.

యంత్రం సంగతి ఎత్తకండి. నా పాత విద్యార్థులు ఈ వీధిలోనే సగంమంది ఉన్నారు. చెవిలో దాన్ని పెట్టుకుని వాళ్ల ముందు నడవలేను. నాకు ఇప్పుడు కావలసినంత వినపడుతోంది.

అత్తగారు

అక్టోబరు 4

అత్తయ్యగారికి,

నీరు తగ్గలేదు. వచ్చే వారం ఆపరేషను. కాసేపటి పనేనట, సాయంత్రానికి ఇంటికి పంపేస్తారట. సంతకం పెట్టమని కాగితం ఇచ్చారు. ఘాట్ రోడ్డు మీద వానలో బస్సు నడిపిన మనిషిని, ఆ పెన్ను పక్కకి జరిపేశాను. సంతకం మీ అమ్మాయి పెట్టింది. నేను కిటికీవైపు చూస్తూ నిలబడ్డాను.

మిమ్మల్ని ఒకటి అడుగుతాను, కోప్పడకండి. ఇంత పిల్ల చెవులు అప్పగించి బల్లమీద పడుకోబోతోంది. దానికంటే మీకు సిగ్గెక్కువా?

అల్లుడు

అక్టోబరు 10

అల్లుడుగారికి,

పెట్టుకున్నాను.

మీ ఉత్తరం అందిన మర్నాడే వెళ్లాను. యంత్రం ఇచ్చినవాడు నా పాత విద్యార్థే. లెక్కల్లో ఎప్పుడూ గట్టెక్కేవాడు కాదు. చాలా ఓపిగ్గా, మర్యాదగా అమర్చాడు. ఇంటికి వచ్చాక మా ఫ్యాను ఇంత రొద చేస్తుందని తెలిసింది. నా చెప్పులు ఈడ్చుకుంటూ నడుస్తానని కూడా తెలిసింది. బళ్లో అలా నడిచిన పిల్లలను ఎంతమందిని మందలించానో.

పిల్ల ఆపరేషను నుంచి లేచాక గొంతు తగ్గించి మాట్లాడండి. మొదటిరోజు లోకం చాలా గట్టిగా ఉంటుంది. ఇది నేను చదివి చెప్పడం లేదు.

అత్తగారు

నవంబరు 16

అత్తయ్యగారికి,

నెల దాటింది. పిచ్చుక బాగుంది. మీరు చెప్పింది అక్షరాలా నిజం. మొదటిరోజు కుళాయి తిప్పితే ఉలిక్కిపడింది. కాగితం నలిపితే ఆగి, మళ్లీ నలపమంది చేత్తో. మా ఇంట్లో ఇప్పుడు నలగని కాగితం లేదు. నేను జోలపాట అందుకుంటే చెవులు రెండూ మూసుకుంది. ఇన్నాళ్లూ ఎంత హాయిగా నిద్రపోయేదో పాపం. వెనకనుంచి పిలిస్తే తిరుగుతుంది అత్తయ్యగారూ. నేను పనున్నా లేకపోయినా పిలుస్తున్నాను. వంటింట్లోంచి పిలుస్తాను, అది వచ్చి ఏమిటన్నట్టు చూస్తుంది. ఏమీ లేదమ్మా, పో అంటాను.

మాట మాత్రం ఇంకా రాలేదు. తొందరపెట్టొద్దని నాకు తెలుసు. ఆ మాట నాకు నేనే రోజూ చెప్పుకుంటున్నాను.

సెలవు ఇంకా ఉంది. ఒకసారి రండి. తీసుకెళ్లడానికి కాదు, చూడటానికి. ఇంకో మనవి, నన్ను నువ్వు అనండి. మీరు మీరు అంటుంటే డిపో మేనేజరు మెమో ఇచ్చినట్టుంది.

మీ అల్లుడు

డిసెంబరు 18

నాయనా,

ఇల్లు చేరాను. రైల్లో పెట్టెమొత్తం గురక. యంత్రం తీసి సంచిలో వేసుకుని హాయిగా నిద్రపోయాను. ఈ సౌకర్యం మీకెవరికీ లేదు.

ముందుగా లెక్క ముగిస్తాను. వారం రోజులు దగ్గరుండి చూశాను. పిల్ల ఒళ్లు శుభ్రంగా ఉంది, కళ్లల్లో భయం లేదు, పడితే నీకోసం చూస్తుంది. విరిగిన అరటిపండు అతికించడం నేను కూడా ప్రయత్నించాను. నీ అంత బాగా రాలేదు. పిల్ల ఎక్కడ ఉండాలన్న మాట ఇక నా ఉత్తరాల్లో రాదు. పిచ్చుక అని పిలుచుకో. నాకూ అలవాటైంది.

స్టేషన్లో నీ మొహం చూశాను. అమ్మమ్మ వారం రోజులున్నా దాని నోట ఒక్క మాట వినకుండా వెళ్లిపోతోందని నీ దిగులు. సంచీ అందిస్తూ "ఈసారి వచ్చేసరికి మాట్లాడుతుంది లెండి" అన్నావు, నాకు చెబుతున్నట్టే నీకు నువ్వు చెప్పుకున్నావు. అప్పుడే ఒక సంగతి చెప్పాలని నోరు తెరిచాను. చెప్పలేకపోయాను. ఇదివరకు ఒకసారి వినని మాటను విన్నానని రాసిన మనిషిని. మళ్లీ నేను విన్నానంటే, నన్ను ఓదార్చడానికి అంటోందిలే ముసలావిడ అనుకుంటావు.

బయల్దేరేముందు నువ్వు టాక్సీ కోసం వీధి చివరికి వెళ్లావు. అమ్మాయి లోపల నా పెట్టె సర్దుతోంది. నేను చెప్పులు తొడుక్కుందామని నడవాలో దగ్గరగా ఉన్న కుర్చీలో కూర్చున్నాను. ఎలుగుబంటిని ఎవరో నేలమీద పడేశారు, ఆ తొందరలో అది ఎవరి సీటో నాకు గుర్తు రాలేదు. పిచ్చుక గంట పట్టుకుని వచ్చింది. నా ఎదురుగా నిలబడింది. చీర కుచ్చెళ్లు పట్టుకుని లాగింది. నేను కదల్లేదు. అప్పుడు నా మొహంలోకి చూసి, "దిగు" అంది.

యంత్రం ఏదో చేసిందనుకున్నాను. లేచి నిలబడి, మళ్లీ కూర్చున్నాను. "దిగు" అంది, ఈసారి వేలు చూపించి. నా సర్వీసులో ఇన్‌స్పెక్టర్లు కూడా నన్ను కుర్చీ దిగమనలేదు. ఇంకోసారి కూర్చున్నాను. దానికి కోపం వచ్చింది. "దిగు దిగు" అంది, అచ్చం నువ్వు ఆఖరి స్టాపులో అరిచే తీరులోనే. దిగాను. ఎలుగుబంటిని తీసి నేనే కూర్చోబెట్టాను. ఇంతలో వీధిలో హారన్ మోగింది, మేమిద్దరం ఒకేసారి తల తిప్పాం.

నువ్వు ఆ కుర్చీలో ఎప్పుడూ కూర్చోలేదు. నీ చోటు బకెట్టు కదా.

నా మాట నమ్మొద్దు. ఈ ఉత్తరం మడిచి పక్కన పెట్టి, వెళ్లి ఎలుగుబంటి సీట్లో కూర్చో. లాగినా లేవకు. తర్వాత ఏమైందో ఉత్తరం రాయక్కర్లేదు.

ఫోన్ చెయ్యి. వినపడుతుంది.

అత్తయ్య